ఇరవై మెగాపిక్సెళ్ల వేలిముద్ర

ధనలక్ష్మికి లోకంలో రెండు కుళ్లంటే గిట్టదు. ఒకటి గోగు మొక్కకి పట్టే వేరుకుళ్లు. రెండోది వేంకటాచలంగారికి పట్టిన వేరే కుళ్లు. మొదటిదాని గుట్టు తేలుద్దామని మూడేళ్లుగా మైక్రోస్కోపుకి కళ్లు అప్పగించి కూర్చుంది. రెండోదాని గుట్టు పదకొండేళ్లుగా రోజూ చూస్తూనే ఉంది కాబట్టి దానికి మైక్రోస్కోపు అక్కర్లేదు.

వేంకటాచలంగారు శ్రీకాకుళంలోని ఆ కాలేజీలో వృక్షశాస్త్రానికి హెచ్.ఓ.డి. హెచ్ అంటే హుకుం, ఓ అంటే ఓర్వలేనితనం, డి అంటే డాబు అని అటెండరు ఈశ్వరి విడమరిచి చెబుతుంది. వెనకాల విడమరుస్తుంది, ఎదురుపడితే మూడింటినీ కలిపి "సార్" అంటుంది. ఆయన ధనలక్ష్మిని "గోగులక్ష్మిగారూ" అని పిలుస్తారు. ఆమె తండ్రి సోములు నెల్లిమర్ల దగ్గర గోగు పండించి, నార తీసి, జూటు మిల్లుకి తోలేవాడు. కూతురు అదే గోగు వేరు మీద పరిశోధన చేస్తోంది గనక పేరు భలే అతికిందని ఆయనగారి మురిపెం. ఆ పిలుపుకి ఆమెకి కోపం లేదు. తనని చదివించింది ఆ గోగే. కోపం వేరే, ఆ కోపానికి వేరు మరోచోట ఉంది.

ఐదేళ్ల కిందట కాలేజీలో రైతుల సమావేశం జరిగింది. సోములు తెల్లచొక్కా తొడుక్కుని, జేబుకి పెన్ను తగిలించుకుని వచ్చాడు. నలభై దాటాక వయోజనుల బడిలో కూర్చుని సంతకం నేర్చుకున్న మనిషి, ఆ సంతకం నలుగురిలో పెట్టే రోజు కోసం చూస్తున్నాడు. రిజిస్టరు దగ్గర పెన్ను తీయబోతుంటే వేంకటాచలంగారు ఇంకు ప్యాడ్ ముందుకి తోసి, "శ్రమపడకు సోములూ, ఇదిగో నీ పెన్ను" అన్నారు. నలుగురూ నవ్వారు. పెద్దాయన మాట కాదనలేక సోములు బొటనవేలు ముంచి ముద్ర వేశాడు. బస్సులో ఊరు చేరేదాకా ఆ వేలిని తువ్వాలుకి తుడుస్తూనే ఉన్నాడు. తండ్రి వేలికి అంటిన ఇంకు పోయింది. ధనలక్ష్మి మనసుకి పోలేదు.

ఇప్పుడు కెమెరాల సంగతి.

గోగు వేరులోకి బూజు ఏ దారిన చొరబడుతుందో కళ్లారా చూడాలని ధనలక్ష్మి పట్టు. అందుకోసం మెరిసే రకం బూజుని పెంచింది. నీలం వెలుగు వేస్తే దాని పోగు సన్నగా మెరుస్తుంది. చిక్కల్లా ఆ వెలుగుతోనే. ఎక్కువైతే లేతవేరు పది నిమిషాల్లో చస్తుంది, మెరుపూ మాసిపోతుంది. తక్కువైతే మామూలు కెమెరాకి ఏమీ ఆనదు. పిసరంత వెలుగుని కూడా జారనివ్వని కెమెరా దొరికితే, దీపం బాగా తగ్గించి ఆరు గంటల పాటు ఆ చొరబాటు మొత్తం చిత్రం తీయవచ్చు. దొరక్కపోతే సెప్టెంబరులో పరిశోధన గడువు తీరిపోతుంది, మూడేళ్ల పని దాంతోపాటే పోతుంది. కాలేజీ కొనేది ఒక్క కెమెరా. ఏది కొనాలో తేల్చేది ఇవాళ. పరీక్షకి ఆమె దగ్గర బతికున్న వేళ్లు మూడే మూడు, మూడు స్లైడ్ల మీద. మొక్కవి లెండి, చేతివి పదీ క్షేమంగానే ఉన్నాయి, తెల్లటి గ్లౌజుల్లో.

పోటీకి వచ్చిన కెమెరాలు రెండు. వేంకటాచలంగారు ఎంచినది ఇరవై మెగాపిక్సెళ్లది. తెచ్చినవాడు కామేష్, చొక్కాతో పాటు మాటలకి కూడా ఇస్త్రీ చేసుకొచ్చే మనిషి. ధనలక్ష్మి అడిగినది నాలుగు మెగాపిక్సెళ్లది. తెచ్చినవాడు మోహనకృష్ణ, నాలుగు ప్రశ్నలు వేస్తే ఒక జవాబు ఇచ్చే రకం. తీర్పు ప్రిన్సిపాల్ త్రిపురసుందరిగారిది. సంగీతం వాళ్లింట్లో పుట్టిన మనిషి, విసుగు పుడితే బల్లమీద తాళం వేస్తారు. ఆ తాళం జోరందుకుందంటే సభకి తాళం పడబోతోందని లెక్క.

మే నెల, పదకొండు గంటలు. బయట నాగావళి ఇసుక నిప్పులు కక్కుతోంది. లోపల మైక్రోస్కోపు గదిలో ఏసీ ఉంది గానీ, ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకునే చూపులకి అది కూడా చెమటలు కారుస్తోంది.

"ఇరవై పెద్దదా, నాలుగు పెద్దదా?" వేంకటాచలంగారే మొదలుపెట్టారు. "ఈపాటి లెక్క గోగుచేలో కూడా చెప్పే ఉంటారు గోగులక్ష్మిగారూ."

"చేలో ఐతే వేరేలా అడుగుతారు సార్. చినుకులు పట్టాలంటే ఇరవై టీగ్లాసులు పెట్టాలా, నాలుగు గుండిగలు పెట్టాలా అని."

"వానాకాలం చదువులంటే ఇవే కాబోలు!"

కామేష్ సమయానికి తగు మోతాదులో నవ్వాడు. మోహనకృష్ణ మాత్రం నేల చూస్తూ అన్నాడు: "మేడమ్ చెప్పింది నిజమేనండి. ప్రతి గ్లాసునీ కొలిచినప్పుడల్లా కాస్త తప్పు దొర్లుతుంది. వాన కుండపోతగా ఉంటే ఆ తప్పు ఎవరికీ పట్టదు. రెండు చినుకులే పడ్డాయనుకోండి, చినుకేదో తప్పేదో తేలదు. పాత్ర పెద్దదైతే తేలుతుంది. పైగా మా కెమెరాని బాగా చల్లబరుస్తామండి. డార్క్ కరెంటు తక్కువ."

గుమ్మం దగ్గర పూజ పళ్లెంతో నిలబడ్డ ఈశ్వరి ఆగలేకపోయింది. "డార్కులో కరెంటేటి బాబూ? మా ఎస్.కోట కాడ కరెంటు పోతేనే డార్కు!"

"మూత వేసి చీకట్లో పెట్టినా కెమెరా లోపల వేడికి తనలో తాను గొణుగుతుందమ్మా. ఆ గొణుగుడుని అలా అంటారు. చల్లబరిస్తే తగ్గుతుంది."

"ఓలమ్మ! అచ్చం మన సారే. ఏటీ నేకపోయినా గొణుగుడే." చివరి ముక్క పళ్లానికి చెప్పింది గానీ పళ్లెం గుండా అందరికీ వినిపించింది.

"ఈశ్వరీ, పళ్లెం ఇటు పట్రా. నోరు అక్కడ పెట్టి రా," అన్నారు వేంకటాచలంగారు.

ఆ శాఖలో ఒక ఆచారం ఉంది. కొత్త వస్తువు ఏది వచ్చినా, అది నిమిషం పాటు ఉండి పోయేదైనా సరే, పెద్దసారు చేతుల మీదుగా పసుపు కుంకుమ పడాలి. ఆ తర్వాత మొదటి స్లైడు కూడా ఆయన చేత్తోనే పడాలి. ఈ రెండో సగం ఏ శాస్త్రంలోనూ లేదు, ఆయన హోదా కల్పించిన చేర్పు. గిన్నెలోని పసుపులో నీళ్లు చిలకరించి, చిక్కగా కలిపి, బొటనవేలు నిండా తీసుకుని మైక్రోస్కోపు మెడకి పెట్టారు. ఇరవై కెమెరా నుదుటికి పెట్టారు. నాలుగు కెమెరా దగ్గరికి వచ్చి వేలు వెనక్కి తీసుకున్నారు.

"దీనికెందుకు? భోజనం చేసి వెళ్లిపోయే చుట్టం."

మోహనకృష్ణ కెమెరాని కాస్త తన వైపు జరుపుకున్నాడు, పసిపిల్లని జరుపుకున్నట్టు.

"మీరూ పసుపు తీసుకోండి," అన్నారు వేంకటాచలంగారు ధనలక్ష్మితో.

"గ్లౌజులున్నాయి సార్. స్లైడ్లు పట్టే చేతికి ఏదీ అంటకూడదు. మీరు కూడా కడుక్కుని వస్తే బాగుంటుంది."

"పసుపు కడుక్కోవాలా?" ఆయన గొంతు తారస్థాయికి వెళ్లింది. "వింటున్నారా మేడమ్? శుభమా అని పూజ చేస్తే చేతులు కడుక్కోమంటోంది. మట్టి పిసికిన ఇంటినుంచి వచ్చి, మనకి మడి నేర్పుతోంది!"

"మా ఇంట్లో మట్టి పిసికాక చెయ్యి కడుక్కుంటారు సార్. అందుకే చెప్పాను."

త్రిపురసుందరిగారి వేళ్లు బల్లమీద కదిలాయి. "ధనలక్ష్మీ, పోనీవమ్మా. కానివ్వండి, కానివ్వండి."

కానిచ్చారు. ఆమె మొదటి స్లైడు అంచులు పట్టుకుని అందిస్తూ, "అంచులు సార్" అంది. ఆయన అప్పడం అందుకున్నట్టు బొటనవేలు సరిగ్గా నడిమధ్యన, వేరు మీద కప్పిన గాజు రేకు మీద ఆనించి అందుకున్నారు. మైక్రోస్కోపు మీద పెట్టారు. గదిలో దీపాలు ఆర్పారు. కామేష్ నీలం వెలుగుని నూటికి నూరు చేశాడు.

"తగ్గించండి! రెండు శాతం చాలు," అంది ధనలక్ష్మి.

"ఫోటో తీసేటప్పుడు వెలుగు లేకుండా ఎలాగమ్మా? మీ ఊళ్లో పెళ్లి ఫోటోలు చీకట్లో తీస్తారా?" అన్నారు వేంకటాచలంగారు.

"సార్, వేరు సచ్చిపోతాది!"

కంగారులో బడి భాష జారిపోయి ఇంటి భాష బయటపడింది. ఆయన దాన్ని నేల మీద పడనివ్వలేదు. "సచ్చిపోతాదట! డాక్టరేట్ ఏ భాషలో ఇచ్చారో గానీ..."

ఆ మాట పూర్తయ్యేలోపు తెర భగ్గుమంది.

నిజంగా భగ్గుమంది. ఇటునుంచి అటు దాకా పచ్చటి కాంతి, మధ్యలో అక్కడక్కడా నిప్పురవ్వల్లాంటి చుక్కలు. కామేష్ నోటినుంచి "బ్యూటిఫుల్!" వచ్చింది. త్రిపురసుందరిగారి తాళం ఆగిపోయింది. వేంకటాచలంగారు పసుపు వేలు పైకెత్తి చూపించారు.

"చూశారా? నా చెయ్యి పడితే వెలగాల్సిందే!"

ధనలక్ష్మి తెర దగ్గరికి జరిగింది. ఇంత మెరుపు ఆమె ఏనాడూ చూడలేదు. తన బూజు ఇంత వెలిగితే ఇంక తనకి కెమెరా దేనికి, చత్వారపు కళ్లద్దాలు చాలును. ఆనందపడాలో ఏడవాలో తేలక అలా నిలబడింది. ఐదు నిమిషాలు, ఏడు నిమిషాలు. కామేష్ ఆ ఫోటోని పెద్దది చేసి, చిన్నది చేసి, పక్కకి జరిపి, వేంకటాచలంగారి పక్కన నిలబడి సెల్ఫీ కూడా తీసుకున్నాడు. నీలం వెలుగు నూటికి నూరు మండుతూనే ఉంది. వేరు చచ్చిందని వేరే చెప్పనక్కర్లేదు.

"ఇప్పుడు మీ చుట్టాన్ని బిగించండి," అన్నారు వేంకటాచలంగారు మోహనకృష్ణతో. "అదే స్లైడు. అదే చోటు. పక్షపాతం అనకూడదు చూడండి."

మోహనకృష్ణ కెమెరా మార్చి, ధనలక్ష్మి చెప్పినట్టు వెలుగు రెండు శాతానికి దించాడు. తెర మీద బూడిద రంగు మసక తప్ప ఏమీ లేదు. పచ్చదనం మాసిపోయింది.

"నాలుగు అంటే నలుపు అన్నమాట!" వేంకటాచలంగారు చప్పట్లు కొట్టారు. "పదకొండేళ్లుగా చెబుతున్నాను మేడమ్, ఈవిడ చూపే అంత అని. మూడేళ్లు బూజుని పెంచింది, తలకి కూడా పట్టినట్టుంది. కాగితం ఇటివ్వండి, ఇరవై అని రాసేస్తాను."

"మళ్లీ తీద్దాం సార్. వెలుగు ఎక్కువై మాసిపోయింది. ముందు వచ్చినవాడు పాలు తాగేసి, వెనక వచ్చినవాడికి గిన్నె చూపిస్తే ఎలాగ?"

"ఓడినవాళ్లందరూ మళ్లీ అంటారు."

"ధనలక్ష్మీ," అన్నారు త్రిపురసుందరిగారు మెల్లగా, "నేనూ చూశానమ్మా. కళ్లకి కనిపించినదాన్ని కాదని ఎలా రాయను?" దీపాలు వేయించి, తీర్మానం కాగితం తీసి బల్లమీద పెట్టారు.

వేంకటాచలంగారు ఆ కాగితాన్ని ఎడంచేత్తో కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో పెన్ను కోసం జేబు తడుముకున్నారు. పెన్ను దొరకలేదు. కుడిచెయ్యి కాగితం మీద ఆనించి, ఎడంచేత్తో రెండో జేబు వెతికారు. తెల్లటి కాగితం మీద పచ్చటి మరక పడింది.

ధనలక్ష్మి ఆ మరక చూసింది. తెర మీద మిగిలిన బూడిద బొమ్మ చూసింది. అప్పుడు తట్టింది, ఇందాకటి భగ్గులో తనకి కాలిలో ముల్లులా గుచ్చుకున్న సంగతి. వేరు తెర మధ్యలో సన్నటి గీతలా ఉండాలి. బూజు వేరుని పట్టి ఉండాలి. వెలిగింది మాత్రం తెర మొత్తం. వేరు లేని చోట, ఖాళీ గాజు మీద కూడా. బూజుకి గాజు మీద ఏం పని?

ఈ కెమెరాలకి రంగులు తెలియవు. అవి పట్టేది ఎక్కువ వెలుగు, తక్కువ వెలుగు, అంతే. ఆ పచ్చరంగు కంప్యూటరు పూసేది. మెరిసింది బూజైనా, మరోటైనా తెరకి పచ్చగానే ఉంటుంది. పసుపులో నీలం వెలుగుకి మెరిసే గుణం ఉందని ఎప్పుడో చదివినట్టు గుర్తు. చూసినట్టు గుర్తు లేదు. తప్పైతే? తప్పైతే ఆయన ఈ గదిలోనే కాదు, రిటైరయ్యేదాకా ప్రతి గదిలోనూ చెప్పి నవ్వుతారు.

"మేడమ్, ఒక్క ఐదు నిమిషాలు," అంది. "కామేష్‌గారూ, మీ కెమెరానే మళ్లీ బిగించండి. వెలుగు నూటికి నూరు పెట్టుకోండి. మీ ఇష్టప్రకారమే."

కామేష్‌కి కాదనే కారణం దొరకలేదు. బిగించాడు. ధనలక్ష్మి పెట్టెలోంచి కొత్త గాజు పలక తీసి, ఆల్కహాలుతో తుడిచి, ముందు దీపాలు ఆర్పించి దాన్నే ఉత్తగా పెట్టించింది. తెర నల్లగా ఉంది. వేరు లేదు, బూజు లేదు, ఏమీ లేదు. అప్పుడు దీపాలు వేసి, ఆ పలకని అంచులు పట్టుకుని వేంకటాచలంగారి ముందుకి చాపింది.

"సార్, దీని మీద మీ బొటనవేలు ఒక్కసారి ఆనించండి."

"ఏమిటీ?"

"వేలిముద్ర సార్."

గది చల్లబడింది. ఈసారి ఏసీ వల్ల కాదు.

"నాతో వేలిముద్ర వేయిస్తావా?" ఆయన లేచి నిలబడ్డారు. గారు పోయింది, మీరు పోయింది. "మా వంశంలో ఏడు తరాలుగా ఎవడూ వేలిముద్ర వేయలేదు. అది మీ ఇంటి విద్య. మీ నాన్న చేత వేయించుకో!"

"మా అయ్య సేత మీరే ఏయించారు. పెన్ను పట్టుకుని ఉన్నోడి సేత." ఈసారి ఇంటి భాష జారిపడలేదు. ఆమె ఏరి తెచ్చుకుంది. "ఆ రోజు ప్యాడ్ తోసింది ఏ సెయ్యో, ఆ సెయ్యే కావాలి నాకు. మీ సెయ్యి పడితే ఎలగాల్సిందే అన్నారు కదా? ఎలిగించండి, సూస్తాను."

ఈశ్వరి గుమ్మంలో కుర్చీ వేసుకుంది. అటెండరు ఉద్యోగంలో ఇరవై రెండేళ్లకి మొదటిసారి జీతం దండగ కాలేదని ఆవిడ మొహం చెబుతోంది.

"వేయండి వేంకటాచలంగారూ," అన్నారు త్రిపురసుందరిగారు. "అడిగింది వేలే కదా, తల కాదు."

"మేడమ్, ఇది అవమానం."

"గాజు ముక్క ముట్టుకోవడం అవమానమా? ఇందాక మీ అంతట మీరే ముట్టుకున్నారే."

ఆయన గాజు పలకని కాకుండా ధనలక్ష్మినే నొక్కుతున్నట్టు బొటనవేలు అదిమారు. ఆమె పలక తీసుకెళ్లి, అతి తక్కువ పెద్దది చేసి చూపే లెన్సు కింద పెట్టింది. దీపాలు ఆర్పింది. ఆమె గుండె మోత ఆమెకే వినిపిస్తోంది, త్రిపురసుందరిగారు ఎత్తుకుంటే తాళం సరిపోయేట్టుంది.

తెర వెలిగింది.

వెలిగి ఊరుకోలేదు. గీతలు గీతలుగా వెలిగింది. దుక్కి దున్నిన చేనులా ఒకదాని పక్కన ఒకటి వంపు తిరిగి, సుడి తిరిగి, చెమట రంధ్రాలతో సహా తెర నిండా ఒక బొటనవేలు. ఇరవై మెగాపిక్సెళ్లూ ఒక్కటి కూడా నిద్రపోకుండా పని చేశాయి.

ముందుగా ఈశ్వరే అంది: "అమ్మ బాబోయ్. వేలిముద్రంటే ఇదీ. మా రేషను కొట్టు మిషను కూడా ఇంత బాగా పట్టదు!"

"ఇందాక మనం చూసింది బూజు కాదు మేడమ్," అంది ధనలక్ష్మి. "సారుగారి పసుపు. తెరంతా ఉన్నదీ అందుకే, ఏడు నిమిషాలు మండేసరికి మాసిపోయిందీ అందుకే. నాలుగు కెమెరాకి మిగిలింది చచ్చిన వేరు, వెలిసిన పసుపు."

"చెమట! చెమట కూడా మెరుస్తుంది!" వేంకటాచలంగారి గొంతు చీకట్లోంచి వచ్చింది. "ఎవరి వేలైనా అంతే. నీ వేలు పెట్టు! గ్లౌజు తీసి పెట్టు, చూద్దాం!"

న్యాయమైన మాట. ఇంత న్యాయమైన మాట ఆయన నోటినుంచి పదకొండేళ్లలో రాలేదు, రాక రాక ఇప్పుడే రావాలా అనుకుంది ధనలక్ష్మి. గ్లౌజు లాగింది. వేలు చెమటతో నానిపోయి ఉంది. కొత్త పలక తుడుస్తుంటే గుర్తొచ్చింది. పొద్దున్న ఇంట్లో గోంగూర పప్పు. అందులో పసుపు వేసింది ఎవరు? తనే. చెంచాతో వేసిందా, చిటికెతో వేసిందా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. మనిషి ఇరవై ఏళ్లు వంట చేసి పసుపు ఎలా వేస్తుందో తనకే తెలియకపోవడం ఏమిటి! వేలు ఆనించింది. పలక పెట్టింది. తెర వంక చూడకుండా కామేష్ మొహం వంక చూసింది.

కామేష్ మొహం నల్లబడింది. తెర అంతకన్నా నల్లగా ఉంది.

చెంచాతోనే వేసింది.

"వెలుగు సరిగ్గా ఉందా? నూటికి నూరేనా?" అని వేంకటాచలంగారు రెండుసార్లు అడిగారు. కామేష్ రెండుసార్లూ తల ఊపాడు. అమ్మకానికి వచ్చినవాడికి గాలి ఎటు తిరిగిందో అందరికన్నా ముందు తెలుస్తుంది, "నిజానికి సార్, దేనికి ఏ కెమెరా అనేది శాంపిల్‌ని బట్టి..." అని ఇస్త్రీ మడత మార్చాడు.

"నోర్ముయ్," అన్నారు వేంకటాచలంగారు.

రెండో స్లైడు ధనలక్ష్మి కొత్త గ్లౌజులతో తనే పెట్టింది. వెలుగు రెండు శాతం. "ముందు ఇరవయ్యే తీయనివ్వండి మేడమ్. నా కెమెరా వెనక వస్తుంది. మాసిపోతే నాకే మాసిపోనీ."

ఇరవై కెమెరా తీసింది. తెర నిండా మరమరాలు పోసినట్టు చుక్కలు, ఎక్కడా ఒక ఆకారం లేదు. కామేష్ బొమ్మని ఎంత ప్రకాశవంతం చేస్తే మరమరాలు అంత ప్రకాశించాయి. తర్వాత నాలుగు కెమెరా వచ్చింది. మోహనకృష్ణ మాట్లాడకుండా బటన్ నొక్కాడు. చీకట్లో, వేరు అంచున, సాలీడు దారం కన్నా సన్నటి పోగు ఒకటి కనిపించింది. భగ్గుమనలేదు, బ్యూటిఫుల్‌గానూ లేదు. కానీ వేరు ఉన్నచోటే ఉంది, వేరు లేనిచోట లేదు.

త్రిపురసుందరిగారు తెరకి దగ్గరగా వంగారు. "ఇదేనా అమ్మా, మూడేళ్లుగా నువ్వు వెతుకుతున్నది?"

"ఇదే మేడమ్."

ఆవిడ దీపాలు వేయించి, కుర్చీలోకి తిరిగొచ్చి, తీర్మానంలో "నాలుగు" అని తనే రాశారు. కాగితం మీద పసుపు మరక ఉంది. మార్చమంటారా అని ఈశ్వరి కొత్త కాగితం తేబోతే, "ఉండనీ, చదవడానికి అడ్డం లేదు," అన్నారు. సంతకం చేసి వేంకటాచలంగారి ముందుకి తోశారు. ఆయనకి పెన్ను ఇంకా దొరకలేదు. ధనలక్ష్మి తన పెన్ను తీసి, మూత విప్పి, ఆయన ముందు పెట్టింది. ప్యాడ్ కాదు, పెన్నే. ఆయనకది ఇంకా మండింది. పేరు చివరి అక్షరం దగ్గర పాళీ కాగితంలో దిగబడేలా సంతకం గీశారు. మరక పక్కనే పడింది ఆ సంతకం.

"వేరుకుళ్లు నీ వేరు కూడా తింటుంది, చూస్తూ ఉండు," అన్నారు పెన్ను బల్లమీద విసిరేస్తూ. "సెప్టెంబరు ఎంతో దూరం లేదు. ఈ గది తాళం నా దగ్గరే ఉంటుంది."

"మీ దగ్గరే ఉంచుకోండి సార్. తెరవడం మాత్రం తొమ్మిదింటికల్లా."

"ఆ గాజు ముక్క ఇటివ్వు. నా వేలిముద్ర నీ దగ్గర ఉండటానికి వీల్లేదు."

ధనలక్ష్మి ఆ పలకకి చిన్న కాగితం అంటించి, "వేంకటాచలం, కుడి బొటనవేలు, పసుపు" అని రాసి, కింద తేదీ వేసి, స్లైడ్ల పెట్టెలో మొదటి గడిలో దించి మూత పెట్టింది. "పరీక్షలో వాడిన స్లైడు కాలేజీ ఆస్తి సార్. కావాలంటే ప్రిన్సిపాల్‌గారికి అర్జీ పెట్టుకోండి."

త్రిపురసుందరిగారు అప్పటికే గుమ్మం దాటారు. దాటుతూ దాటుతూ వెనక్కి తిరగలేదు. తిరగకపోవడం కూడా ఒక తీర్పే.

మోహనకృష్ణ నాలుగు కెమెరాని విప్పబోతే ధనలక్ష్మి సాయంత్రం దాకా ఉంచమని అడిగింది. మూడో స్లైడు మిగిలి ఉంది, అందులో వేరు ఇంకా బతికే ఉంది. ఆమె దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, వెలుగుని రెండు శాతం నుంచి ఒకటికి దించి, నిమిషానికో బొమ్మ తీయమని కంప్యూటరుకి చెప్పింది. వెనక్కి తిరిగి చూస్తే వేంకటాచలంగారు ఇంకా అక్కడే ఉన్నారు. గది మధ్యలో, పసుపు వేలిని రుమాలుకి పదే పదే తుడుస్తున్నారు. అది పోవడం లేదు.

ఆ తుడవడం ఆమెకి ఎక్కడో చూసినట్టే అనిపించింది. క్షణం పాటు ఆయన మీద జాలి కూడా వేసింది. దాన్ని అక్కడే తొక్కిపెట్టింది.

"దీపం ఆర్పండి సార్," అంది తెర వైపు తిరిగి. "బయటికి వెళ్లి తలుపు గట్టిగా వేయండి. ఇక్కడ వెలుగు పడకూడదు."

పదకొండేళ్లుగా ఆ గదిలో హుకుంలన్నీ ఆ వైపు నుంచే వచ్చేవి. స్విచ్చి టక్కుమంది. తలుపు ధడాలున పడింది. చీకట్లో మొదటి బొమ్మ వచ్చింది, నిమిషానికి రెండోది. నలభయ్యో బొమ్మ నాటికి పోగు వేరు గోడని తాకి, సందు కోసం తడుముకుంటూ, ఒక వెంట్రుకవాసి లోపలికి వంగింది.